తుక్కు తూకంలో పోతున్న పనితనం

పాత కారుకు మళ్లీ ప్రాణం పోయడమంటే రంగు వేయించి, బంపర్లకు కొత్త పూత పెట్టించడమని చాలామంది అనుకుంటారు. ఆ పని డబ్బుతో అయిపోతుంది. డబ్బు పెట్టినా కానిది ఒకటుంది, తయారీ ఆగిపోయిన భాగం దొరకడం. బ్రేకు సిలిండర్‌లో రబ్బరు కప్పు, కార్బురేటర్‌లో జెట్, ముందు చక్రం దగ్గర కింగ్‌పిన్, తలుపు చుట్టూ బీడింగ్... వీటిలో ఏ ఒక్కటి దొరక్కపోయినా లక్షలు పోసిన బండి షెడ్డు దాటదు. పాత వాహనాల మీద ప్రభుత్వాలు కొన్నేళ్లుగా నిబంధనలు తెస్తూనే ఉన్నాయి. అవన్నీ బండి వయసు చుట్టూ, దాని బరువు చుట్టూ తిరుగుతున్నాయి. విడిభాగం గురించీ, దాన్ని చేయగల పనివాళ్ల గురించీ పెద్దగా ఆలోచించినట్టు లేదు. మన మోటారు చరిత్ర కొంతైనా మిగలాలంటే ముందుగా కాపాడుకోవలసింది ఈ రెండింటినే.

కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోడ్డెక్కకూడదు. మంచి నిబంధనే. మరోవైపు, 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పొడిగింపును 2023 ఏప్రిల్ 1 నుంచి నిలిపేశారు. ఈ రెండింటినీ కలిపి అంబాసిడర్‌కు వర్తింపజేసి చూద్దాం. 1950ల చివర్లో మొదలైన ఆ కారు తయారీ 2014 మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ మూతతో ఆగిపోయింది. ఆ ఏడాది ప్రభుత్వం కొన్న బండి 2029కల్లా తుక్కుకు వెళ్లాలి. అదే ఏడాది ఓ సామాన్యుడు కొన్న బండికి వింటేజ్ అర్హత వచ్చేది 2064లో. మధ్యలోని 35 ఏళ్లూ దానికి భాగాలు ఎక్కడి నుంచి రావాలి? తయారీ లేదు. భాగాలు ఇవ్వగలిగిన తోటి బండ్లు ఒకదాని వెనుక ఒకటి కరిగిపోతున్నాయి. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన కాలం తీరిన వాహనాల నిబంధనలు తయారీదారుల బాధ్యతను ఉక్కు బరువుతో కొలుస్తున్నాయి. ఆ తూకంలో పళ్లు చెక్కుచెదరని గేరు చక్రానికీ, తుప్పు పట్టిన బానెట్‌కూ తేడా లేదు.

పాత సరుకును ఇప్పుడే కొని దాచుకుంటే సరిపోతుందని కొందరు అంటారు. ఇనుప భాగాలకు అది కొంతవరకు నిజం. రబ్బరు మాత్రం పెట్టెలో ఉన్నా గట్టిపడుతుంది, పగులుతుంది. నలభై ఏళ్ల కిందటి బ్రేకు కప్పును పొట్లం విప్పి బిగించడం ప్రాణాలతో ఆడుకోవడమే. కాబట్టి నిల్వ కన్నా తయారీ తెలివిడి ముఖ్యం. త్రీడీ స్కానర్లు వచ్చాయి కదా, దేన్నయినా చేసుకోవచ్చు అనే ధీమా కూడా పూర్తిగా నిలవదు. పోర్షె కంపెనీ తన 959 కారుకు కావలసిన క్లచ్ లీవర్‌ను 2018లో త్రీడీ ప్రింటింగ్‌తో చేసింది. అసలు కొలతలు, లోహం వివరాలు తన దగ్గరే ఉన్న కంపెనీ అది. మన షెడ్లలో జరిగేది వేరు. అక్కడ చేతికొచ్చేది అరిగిపోయిన నమూనా. అరిగిన బుష్‌ను కొలిస్తే ఆ అరుగుదలే కొత్త భాగంలోకి ఎక్కుతుంది. అసలు సైజు ఎంత, ఎంత సందు వదలాలి, ఏ లోహం, దాన్ని ఎంత గట్టిపరచాలి అన్నది స్కానర్ చెప్పదు. ఇవాళ ఆ లెక్క తెలిసింది వయసు మీరిన టర్నర్లకు, బోరింగ్ మేస్త్రీలకు. వాళ్లు చెప్పగా ఎవరూ రాసి పెట్టుకోవడం లేదు.

ఈ పనికి మన దేశంలో బలమైన పునాది ఉందని మరిచిపోతున్నాం. ఇటలీలో ఇన్నోసెంటీ కంపెనీ లాంబ్రెట్టా స్కూటర్లు ఆపేశాక, ఆ యంత్రాలను 1970ల మొదట్లో భారత్ కొని లక్నోలోని స్కూటర్స్ ఇండియాలో పెట్టింది. అక్కడ తయారైన భాగాలే తర్వాత యూరప్‌లో ఎన్నో పాత లాంబ్రెట్టాలను రోడ్డు మీద నిలిపాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ కథా అంతే. 1955లో మద్రాసుకు వచ్చిన బుల్లెట్, ఇంగ్లండ్‌లో మూల సంస్థ మూతపడ్డాకా ఇక్కడ బతికింది. 1977 నుంచి తిరిగి ఇంగ్లండ్‌కే ఎగుమతి అయింది. ఇంగ్లండ్ కూడా పాఠం నేర్చుకుంది. పాత ఎంజీబీ కారు బాడీ మొత్తాన్ని మూల అచ్చులతోనే తయారు చేసి అమ్మడం బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988లో మొదలుపెట్టింది. అచ్చులను తుక్కుకు వేయకపోవడం వల్లే అది సాధ్యమైంది.

మనకు విజయవాడ ఆటోనగర్ ఉంది. లారీల మరమ్మతుకూ బాడీ కట్టడానికీ దేశమంతా పేరున్న చోటు. లేత్ పని, టింకరింగ్, కమాన్ పట్టీలు, రేడియేటర్లు... ఒకే ఆవరణలో ఇన్ని చేతిపనులు కలిసిన చోట్లు అరుదు. కొత్త వాహనాల్లో భాగాన్ని బాగుచేయడం తగ్గి, తీసేసి కొత్తది వేయడం పెరిగింది. తండ్రి చేసిన పనికి గిరాకీ కనపడక కొడుకు వేరే దారి చూసుకుంటే తప్పు పట్టలేం. పాత వాహనాల భాగాల తయారీ అక్కడి షెడ్లన్నింటినీ నిలబెడుతుందని నేను చెప్పను. అయితే నాణ్యమైన, మంచి కూలి గిట్టే పని కొంత అక్కడికి చేరుతుంది. నైపుణ్యం తరువాతి తరానికి అందడానికి ఆ కొంతే ఆధారం.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా, ప్రభుత్వానికెందుకు అనే ప్రశ్న న్యాయమైనదే. నిజాం రోల్స్ రాయిస్‌కు చౌమహల్లా ప్యాలెస్‌లో చోటు దొరికింది. దాన్ని చూసుకునేవాళ్లున్నారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, యెజ్డి, లాంబ్రెట్టా మామూలు జనం బండ్లు, వాటికే దిక్కు లేదు. పొగ మాటేమిటంటారు. రోజూ నగరంలో తిరిగే పాత డీజిల్ బండిని నేనూ సమర్థించను. ఏడాదికి కొద్దిసార్లు బయటికొచ్చే వింటేజ్ బండి లెక్క వేరు. పైగా భాగాలు దాచమనడం బండి నడపమనడం కాదు. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం దొంగతనం. మీరట్‌లోని సోతీగంజ్ మార్కెట్ దొంగ బండ్ల భాగాలకు పేరుమోసి 2021లో పోలీసు చర్యలతో మూతపడింది. ఆ భయం ఉంది కాబట్టే ఈ వ్యాపారం చీకటి గల్లీల నుంచి రిజిస్టరైన తుక్కు కేంద్రాలకు రావాలి. ఏ ఛాసిస్ నంబరు బండి నుంచి ఏ భాగం తీశారో రసీదు మీద ఉంటే దొంగసరుకుకు చోటు తగ్గుతుంది.

‘అసలు రూపం’ అన్న షరతు మీద కూడా ఆలోచించాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకూడదన్నది సబబే. మరి 1983 ఎన్నికల ప్రచారానికి ఎన్టీఆర్ పాత షెవ్రోలే వ్యాన్‌ను మార్పించి చేయించిన చైతన్య రథం సంగతేమిటి? దాని చరిత్ర ఆ మార్పులోనే ఉంది. కొత్తగా చేసిన భాగమైతే దాని మీద గుర్తు వేసి ఒప్పుకోవడం, కాలక్రమంలో జరిగిన మార్పును చరిత్రలో భాగంగా చూడడం ఇతర దేశాల సంరక్షకులు అనుసరిస్తున్న పద్ధతే. మన నిబంధనలోనూ ఆ వివరణ ఉండాలి.

రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు కోట్లు ఖర్చు పెట్టనవసరం లేదు. తయారీ ఆగిపోయిన మోడళ్ల జాబితా ఒకటి ప్రకటించి, వాటిని నలగ్గొట్టేముందు పనికొచ్చే భాగాలు విప్పి, నంబరు వేసి అమ్మాలని తుక్కు కేంద్రాలకు చెప్పాలి. ఆటోనగర్ మేస్త్రీల దగ్గర పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులను కూర్చోబెట్టి కొలతలు, లోహం వివరాలు డ్రాయింగులుగా గీయించి అందరికీ అందుబాటులో ఉంచాలి. ప్రభుత్వ షెడ్లలో మిగిలిన అంబాసిడర్లు తూకానికి వెళ్లేలోపే ఈ ఉత్తర్వు రావాలి.