తుప్పు కూడా ప్రకృతే

మన క్లాస్ గ్రూపుల్లో వాట్సాప్ స్టేటస్‌లు ఒకసారి వరసగా చూడండి. రుషికొండ అంటే సముద్రం, సూర్యోదయం, మహా అయితే ఒక పడవ. క్రేన్, కరెంటు తీగలు, తవ్వేసిన కొండ ఫ్రేమ్‌లోకి వస్తే క్రాప్ చేసేస్తాం. నేచర్ ఒక ఆల్బమ్‌లో, సిటీ ఇంకో ఆల్బమ్‌లో. ఈ అలవాటు వల్ల మనం ఉంటున్న ఊరు మనకే కనబడకుండా పోతోందని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక చిత్రకారుడి గురించి చెప్పాలి.

ఆయన పేరు సూర్యప్రకాష్. 1940లో ఖమ్మం జిల్లా మధిరలో పుట్టారు. ఎక్కువకాలం హైదరాబాద్‌లోనే బొమ్మలు వేశారు. 2019లో చనిపోయారు. ఆయనకి మొదట్లో పేరు తెచ్చిన బొమ్మలు దేవుళ్ళవీ కాదు, పల్లెటూళ్ళవీ కాదు, తుక్కు కార్లవి! పాడైపోయి, తుప్పు పట్టి, పారేసిన బండ్లు. తర్వాతి ఏళ్లలో కలువ కొలనులు, చెట్లు, నీళ్లలో నీడలు వేశారు.

పైకి చూస్తే సిటీని వదిలేసి నేచర్‌కి వెళ్లిపోయారు అనిపిస్తుంది. నాకు మాత్రం ఆయన రెండుసార్లూ ఒకే విషయం వేశారనిపిస్తుంది. తుప్పు అంటే ఏంటి? ఇనుము, గాలి, తడి కలిసి చేసే పని. మనిషి తయారుచేసిన వస్తువుని ప్రకృతి మెల్లగా వెనక్కి తీసుకోవడం. కొలనులో మురిగే ఆకుకీ, షెడ్డు వెనక పడున్న కారుకీ జరిగేది దాదాపు ఒకటే. ఫ్రాన్స్‌లో మోనే కూడా ఇలాగే రెండూ చూశాడు. 1877లో పారిస్ రైల్వే స్టేషన్‌లో ఇంజన్ పొగని వరసగా చాలా బొమ్మల్లో వేసిన మనిషే, ముసలితనంలో తన తోటలోని కలువల్ని ఏళ్ల తరబడి వేశాడు. పొగ మీద వెలుతురుని చూడ్డం నేర్చుకున్న కన్నే నీళ్ల మీద వెలుతురుని కూడా పట్టుకుంది.

ఇప్పుడు మన ఊరికి రండి. ఒక చివర ఉక్కు తయారుచేస్తాం, ఇంకో చివర ఉప్పుగాలి దాన్ని తినేస్తుంది. హాస్టల్ గేటు, బైక్ చైన్, ఏసీ బయటి యూనిట్, ఏదీ ఎక్కువకాలం నిలవదు. 2020 అక్టోబర్‌లో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ 'మా' గుర్తుందా? అప్పటికి మనలో చాలామందిమి స్కూల్లో ఉన్నాం. ఊరు ఊరంతా వెళ్లి దాని ముందు సెల్ఫీలు తీసుకుంది. సూర్యప్రకాష్ లాంటి కన్ను ఉన్నవాడికి ఆ ఓడ ఒక్కటి చాలు, ఏడాదికి సరిపడా పని. మనకి మాత్రం అది బ్యాక్‌గ్రౌండ్ అయింది.

రుషికొండ సంగతి కూడా అంతే. కొండ మీద కట్టడాల గురించి ఎవరి వాదన వాళ్లకుంది, నేను దాని జోలికి పోను. కానీ తవ్విన చోట పచ్చటి కవర్ కప్పిన ఫోటోలు అందరం చూశాం. దాన్ని చూసి నవ్వుకున్నాం కూడా. మన క్రాప్ బటన్ రోజూ చేసేది అదే పని కదా!

"ఫోన్ ఉండగా బొమ్మ ఎందుకురా?" అని మా వాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. ఫోటో ఒక్క క్షణంలో అయిపోతుంది. బొమ్మ గీయాలంటే గంటసేపు కూర్చోవాలి, ప్రతి తీగా ఉంచాలా వద్దా అని ఆలోచించాలి. వదిలేస్తే, వదిలేశానని తెలిసే వదిలేస్తాం. ఇక ఏఐ టూల్‌కి "వైజాగ్ బీచ్" అని ఇచ్చి చూడండి. నేను ఎన్నిసార్లు ఇచ్చినా కొబ్బరిచెట్లు, నారింజ రంగు ఆకాశం వచ్చాయి. తప్పు దానిదే అనలేం. మోడల్ నేర్చుకునేది మనం పెట్టిన ఫోటోల నుంచే. క్రాప్ చేసిన ఊరిని మనమే దానికి నేర్పించాం.

అందుకే మన క్లబ్‌కి ఒక ప్రపోజల్. నెలకొకసారి, బీచ్ రోడ్డు మీద ఒకే చోట కూర్చుని, అక్కడినుంచి కనబడేదంతా ఒక షీట్ మీద గీద్దాం. కొండ, క్రేన్, అల, తుప్పు గేటు, ఏదీ తీసెయ్యొద్దు. బొమ్మ బాగా రాకపోయినా పర్వాలేదు, కింద తారీఖు మాత్రం ఉండాలి. ఏడాదికి పన్నెండు షీట్లు అవుతాయి. ఈ-మ్యాగజైన్‌లో వరసగా వేద్దాం. మనం నాలుగేళ్లుండి వెళ్లిపోతాం. అప్పటికి ఆ కొండ ఏ ఆకారంలో ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు ఎలా ఉందో చెప్పే పన్నెండు కాగితాలైనా మన దగ్గర ఉండాలి.

పెన్సిల్ నేను తెస్తాను. షార్పనర్ మీరు తెండి.