గట్టు మీద బండి

ఈమధ్య వస్తున్న కార్లలో చాలావాటికి గేరు పక్కన ఓ మీటో, గుండ్రటి బిళ్ళో వుంటోంది. ఎకో, నార్మల్, స్పోర్ట్ అని దానికి మూడు రీతులు. కొన్నిటికి బురద, ఇసక అని మరి రెండు. కొన్ననాడు ఎలా వుందో అలాగే వుంచేసేవారు కొందరు. స్పోర్ట్ దగ్గర పెట్టి మరి కదపనివారు మా విద్యార్థుల్లో కొందరు. అలంకారశాస్త్రంలో ఔచిత్యమని చెప్పుకుంటామే, అది బండికీ కావాలి సుమండీ!

ఇంతకీ ఆ మీట చేసేదేమిటి? యాక్సిలరేటరు తొక్కితే ఇంజను ఎంత చురుగ్గా పలకాలో, తనంతట మారే గేర్లయితే ఎప్పుడు మారాలో చెబుతుంది. ఎకోలో నిదానం, పెట్రోలు ఆదా. స్పోర్టులో కాలు తగిలితే ఉరుకు.

అమలాపురం బజారులో ఎకో చాలు. రావులపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి లారీని దాటవలసివస్తే ఎకోలో బండి వెంటనే అందుకోదు. అక్కడ నార్మల్ మేలు. అంతర్వేది వైపు ఇసకలో దిగితే ఇసక రీతి. మామూలుగా చక్రం జారగానే బండి తానే శక్తి తగ్గించుకుని కూలబడుతుంది. ఈ రీతిలో కాస్త జారనిచ్చి ముందుకు లాగుతుంది.

అసలు పరీక్ష కాలవ గట్టు మీద. నేను పాఠం చెప్పడానికి వెళ్ళే దారిలో కొంత గట్టే. ఒకపక్క కాలవ, ఒకపక్క చేను. వానాకాలం ట్రాక్టర్లు చేలోంచి మోసుకొచ్చిన ఒండ్రుమట్టి తారు మీద వెన్నలా పరుచుకుంటుంది. అక్కడ స్పోర్ట్ అంటే చక్రాన్ని జారమని చెప్పడమే. ఎకోయో, వాన రీతి వుంటే అదో పెట్టి నెమ్మదిగా పోవాలి.

అయితే ఒక్కమాట. మీట ఆజ్ఞ ఇంజనుకే. అరిగిన టైరుకు అది పట్టు ఇవ్వలేదు. వేగం 30 కిలోమీటర్లనుంచి 60 అయితే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి రెండింతలు కాదు, సుమారు నాలుగింతల దూరం కావాలి. ఏ రీతిలోనైనా లెక్క ఇదే. ఇక లంకల కాజ్‌వేల మీద గోదావరి పారుతున్నప్పుడు పనికివచ్చే మీట ఏ కారులోనూ లేదు. ఒడ్డున ఆగడమే.

అంచేత అబ్బాయి తాళంచెవి తీసుకున్నప్పుడు, ఏ మీట పెడతావని అడిగేముందు టైర్లు చూశావా అని అడగండి. గట్టు మీద ఎంత వేగంతో పోతావని కూడా అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.