మీట మీది అంకె డిగ్రీ కాదు

జహీరాబాద్ చుట్టుపక్కల జొన్నరొట్టె తిని పెరిగినవాళ్లకు ఫ్రిజ్‌తో పెద్దగా పని పడలేదు. బాగా కాలిన రొట్టెలో తడి తక్కువ. గుడ్డలో చుట్టి పొలానికి తీసుకుపోతే మర్నాటికీ తినొచ్చు. సరిహద్దు దాటితే, బీదర్ వైపు కడక్ రొట్టె వారాల తరబడి నిలుస్తుంది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక కంచం మారింది. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు జొన్నలతోనే రేషన్ నడిపి చూపించారు గానీ, టౌన్లో ఎక్కువ ఇళ్లలో ఇప్పుడు అన్నమే. తడి తిండికి దాచే పద్ధతి వేరు. ఫ్రిజ్ కొన్నాం కాబట్టి ఆ పని అయిపోయిందనుకుంటున్నాం.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. ఉడికించినా అవి చావవు. అన్నం గంటల తరబడి బయటే ఉంటే మేల్కొని విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ‘వేడి చేసుకుంటే సరిపోతుందిలే’ అనే మన వంటింటి మాట ఇక్కడ చెల్లదు. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య సూక్ష్మజీవులకు పండగే. వండిన అన్నం 2 గంటల్లో, మన మే నెల ఎండల్లో అయితే గంటలోపే, వెడల్పాటి గిన్నెలో చల్లార్చి లోపల పెట్టాలి.

లోపల ఎంత చల్లగా ఉందో మరి? మా ఇంట్లో ఫ్రిజ్ మీట 3 మీద ఉంటే 3 డిగ్రీలనే అనుకున్నాం, చాలా ఏళ్లు. ఒక రాత్రి గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి పెడితే పొద్దున 9 చూపించింది. చాలా ఫ్రిజ్‌లలో ఆ అంకె చల్లదనం మోతాదే. అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. కరెంటు బిల్లు భయంతో మనం తగ్గించే పెడతాం. పైగా అన్నిటికంటే వెచ్చగా ఉండే తలుపు అరల్లోనే పాల ప్యాకెట్లు.

బయటి తిండి మీద అయితే ప్రభుత్వం కన్ను ఉంటుంది. 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ఆ ఏడాదే అధికారులు హైదరాబాద్ హోటళ్ల ఫ్రిజ్‌లు తెరిపించి చూశారు. మన ఫ్రిజ్ తెరిచి చూసే అధికారి లేడు, రావాలని నేనూ కోరను. తలుపు మీది స్టార్ లేబుల్ నక్షత్రాలు కరెంటు లెక్కే చెబుతాయి, కూర గిన్నె సంగతి చెప్పవు. నక్షత్రాలను తప్పనిసరి చేసిన ప్రభుత్వం ప్రతి ఫ్రిజ్‌లో డిగ్రీలు చూపే చిన్న థర్మామీటర్ కూడా ఉండాలనడానికి ఏం అడ్డు? దాని ఖరీదు కొన్ని వందలకు మించదు.

అంతవరకు ఆగనక్కర్లేదు. ఈ రాత్రి మధ్య అరలో గ్లాసు నీళ్లు పెట్టి అందులో థర్మామీటర్ వేయండి. పొద్దున పాల కోసం తలుపు తీయగానే ముందు దాన్ని చూడండి. 5 దాటితే మీట ఒక అంకె పెంచండి.