రివాల్వర్ హీరోకు, ఈకల టోపీ మనకా?

వర్ధన్నపేటలో ఈసారి మనం వేసే నాటిక గురించి గ్రూపులో వారం నుంచి చర్చ నడుస్తున్నది. కౌబాయ్ స్టైల్లో చేద్దామని, హీరోకు రివాల్వర్, మనోళ్లకు ఈకల టోపీ, విల్లంబులు ఇద్దామని కొందరు తమ్ముళ్లు అన్నరు. కౌబాయ్ మీద మాకు కోపం లేదు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' 2023లో మళ్లీ థియేటర్లకు వస్తే మేమూ ఈలలు వేసినం. పేచీ ఎక్కడంటే, తుపాకీ ఎవరి చేతికి ఇస్తున్నం అనే దగ్గర.

ఈ సినిమాలన్నిటికీ పెద్దన్న లాంటిది 1966లో సెర్జియో లియోని తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'. కథ నడిచేది 1862లో, అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో. క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో ఉండేది 1851 మోడల్ కోల్ట్ నేవీ. అసలు ఆ రివాల్వర్‌లో మందు పోసి, సీసపు గుండు కుక్కి, వెనుక చిన్న టోపీ తొడగాలి. అంటే మన ఊళ్లల్లో పెద్దమనుషులు చెప్పే బర్మార్ తుపాకీ పద్ధతే, కాకపోతే ఆరు గదులు. సినిమాలో మాత్రం రెడీమేడ్ ఇత్తడి తూటాలు చకచకా పెట్టేస్తడు. కోల్ట్‌ను అట్ల మార్చుడు మొదలైంది 1870ల దాకా వచ్చినంక. సినిమా కదా, పోనీ అనుకుందాం.

పోనీ అనలేనిది వేరే ఉన్నది. హాలీవుడ్ కౌబాయ్ సినిమాల్లో అక్కడి ఆదివాసులు ఎక్కువగా ఎట్ల కనిపిస్తరు? గుర్రాల మీద కేకలు పెట్టుకుంట వచ్చి, బాణాలు వేసి, వరుసగా పడిపోతరు. పేరుండదు, మాటుండదు. నిజం చూద్దాం. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయాన్ వీరులు కస్టర్ దళాన్ని తుడిచిపెట్టినరు. వాళ్ల దగ్గర బాణాలూ ఉన్నయి, పాత తుపాకులూ ఉన్నయి. వాటితోపాటు హెన్రీ, వించెస్టర్ రైఫిళ్లు కూడా ఉన్నయి, ఒకసారి నింపితే పది పదిహేను సార్లు పేల్చొచ్చు. సర్కారు సైనికుల స్ప్రింగ్‌ఫీల్డ్ మాత్రం ఒక్కో గుండు పెట్టి కాల్చాల్సిందే. 1983లో అక్కడ గడ్డి తగలబడితే, తర్వాత జరిపిన తవ్వకాల్లో బయటపడ్డ తూటా గొట్టాలే సాక్ష్యం. తెర మీద ఈ సంగతి ఎప్పుడన్నా చూసినమా?

మన దగ్గరికి వద్దాం. మోసగాడు తీసిన పద్మాలయా వాళ్లే, అదే కృష్ణతో 1974లో 'అల్లూరి సీతారామరాజు' తీసినరు. అందులో పోరాట దృశ్యాలు తీసింది కూడా కె.ఎస్.ఆర్. దాసే. కౌబాయ్ తుపాకీ పట్టిన చేతులే మన్యం తుపాకీ పట్టినయన్నట్టు. ఆ తుపాకులు ఎక్కడివి? 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ ఠాణాలు కొట్టి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయినరు. రాజవొమ్మంగిలో ఖైదులో ఉన్న వీరయ్యదొరను విడిపించుకున్నరు. ఏమేం తీసుకుపోతున్నరో రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ పోయినరు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. కౌబాయ్ హీరో ఎన్నిసార్లు పేల్చినా తూటాలు అయిపోవు. మన్యంలో అయిపోతయి. అయిపోతే కొననీకి అక్కడ దుకాణం లేదు, మళ్లీ ఇంకో ఠాణా మీదికి పోవాలె, లేకుంటే పోలీసు పార్టీని దారి కాయాలె. ఆ సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయింది అట్ల దారి కాసినప్పుడే. విల్లంబులు తక్కువవని మేం అంటలేం. ఎదుటివాడి ఆయుధం ఏందో, అది ఎట్ల పనిచేస్తదో తెలిసి, దాన్నే వాడి మీదికి తిప్పిన తెలివి మనోళ్లది. ఈకల టోపీ పెడితే ఆ తెలివి కనిపించదు.

అందుకే మా మాట ఇది. నాటికలో హీరో ఒక్కడే వద్దు. గాం గంటందొర, గాం మల్లుదొర, వీరయ్యదొర, ముగ్గురికీ డైలాగులు ఉండాలె. తుపాకులు కట్టెతో చేద్దాం, నల్ల రంగు వేద్దాం. అచ్చం నిజం లెక్క కనిపించే బొమ్మ తుపాకులు కొని ఖమ్మం రోడ్డు మీద రీల్స్ తీయకండి తమ్ముళ్లూ, ఎవడన్నా భయపడి ఫోన్ కొడితే కేసు మన మీదనే.

ఠాణా రికార్డులో సంతకం పెట్టే సీను మాత్రం కచ్చితంగా పెడదాం. స్టేజీ మీద అందరికీ కనిపించేటట్టు పెద్ద రిజిస్టర్ ఒకటి కావాలె. చేతిరాత మంచిగున్నోళ్లు ఎవరో చెప్పండి.