కంచె చేను మేసిన వ్యాధి

ఏ శాస్త్ర పరిశోధనను ప్రస్తావించినా మన విద్యార్థులు వెంటనే వేసే ప్రశ్న ఒకటి ఉన్నది: "దాని వలన రోగం కుదిరినదా?" ప్రశ్నలో తప్పు లేదు. అయితే ఆ ఒక్క తూనికరాయితోనే విజ్ఞానాన్ని తూచరాదని మా అభిప్రాయం. మందు దొరకక ముందే, కారణం తెలియడం కూడ కొందరికి గొప్ప ఊరట కాగలదు. డాక్టర్ జియాన్ ఫ్రాంకో బొత్తాజ్జో పరిశోధన అందుకు నిదర్శనం. మేము సాహిత్యం బోధించేవారమే గాని వైద్యులం కాము. అయినా ఈ విషయం వైద్యులకే విడిచిపెట్టదగినది కాదు.

చక్కెర వ్యాధి అనగానే మనకు తోచేది నడివయసు దాటినవారి మధుమేహం. పసివారికి, యౌవనంలో ఉన్నవారికి ఎక్కువగా వచ్చి, ఇన్సులిన్ లేనిదే ప్రాణం నిలువనీయని మధుమేహం వేరు. క్లోమగ్రంథిలో లాంగర్‌హాన్స్ పుటికలనే చిన్న కణసమూహాలు ఉన్నవి. వాటిలోని బీటా కణాలే ఇన్సులిన్‌ను తయారుచేస్తవి. ఈ వ్యాధిలో ఆ కణాలు నశిస్తవి. 1922 జనవరిలో టొరంటో నగరంలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలునికి ఇన్సులిన్ ఇచ్చి బ్రతికించే వరకు, ఈ వ్యాధి వచ్చిన బిడ్డ ఎక్కువ కాలం జీవించడం అరుదు. ఆ తరువాత బిడ్డలు బ్రతికినారు. కాని బీటా కణాలు ఎందుకు నశిస్తున్నవన్న ప్రశ్న మరి నలుబది ఏళ్లకు పైగా అట్లే నిలిచినది.

1965లో బ్రస్సెల్స్‌లో విల్లీ గెప్ట్స్ అనే శాస్త్రజ్ఞులు, వ్యాధి బయటపడిన కొద్దికాలానికే మరణించిన 22 మంది క్లోమాలను పరీక్షించి, 15 మందిలో పుటికల చుట్టూ తెల్ల రక్తకణాలు మూగి ఉండడం చూచినారు. దేహాన్ని కాపాడవలసిన సైన్యానికి అక్కడ పని యేమి? అంతకు ముందే, 1956లో, లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో డెబోరా డోనియాక్, ఐవన్ రోయిట్ మొదలైనవారు థైరాయిడ్ వ్యాధి ఒకదానిలో రోగి దేహమే తన గ్రంథికి విరోధంగా ప్రతిరక్షకాలను పుట్టిస్తున్నదని కనుగొని ఉన్నారు. కంచే చేను మేయడం అంటే ఇదే. ఇటలీ నుండి వచ్చి డోనియాక్ వద్ద పనిచేసిన యువకుడు బొత్తాజ్జో.

సామాన్య మధుమేహ రోగుల రక్తంలో ఇట్టి ప్రతిరక్షకాలకై వెదకినవారికి స్పష్టమైన ఫలితం దక్కలేదు. బొత్తాజ్జో వెదకే చోటు మార్చినారు. మధుమేహంతో పాటు ఇతర గ్రంథులు కూడ ఈ విధంగానే చెడిన అరుదైన రోగులను ఎన్నుకొన్నారు. వారి సీరంను మానవ క్లోమపు పలుచని పొర మీద వేసి, కాంతినిచ్చే రంగును జోడించి సూక్ష్మదర్శినిలో చూడగా పుటికలు వెలిగినవి. 13 మంది రోగులలో కనుగొన్న ఈ సంగతి 1974లో 'లాన్సెట్' పత్రికలో వెలువడినది. అదే సంవత్సరం ఎడిన్‌బరో శాస్త్రజ్ఞులు కూడ ఇట్టి ఫలితమే ప్రకటించినారు గనుక కీర్తి అంతా ఒక్కరిదే అనరాదు. సామాన్య రోగులలో వ్యాధి బయటపడిన పిమ్మట ఈ ప్రతిరక్షకాలు క్రమంగా తగ్గిపోతవని, తొలి అన్వేషకులకు అవి చిక్కకపోవడానికి అదొక కారణమని తరువాత తెలిసినది.

ఈ ప్రతిరక్షకాలే హంతకులని భ్రమపడరాదు. చంపే పని ముఖ్యంగా టి-కణాలది, ప్రతిరక్షకాలు సాక్షులు. 1986లో అచ్చయిన ప్రసంగానికి బొత్తాజ్జో పెట్టిన పేరు 'బీటా కణ మరణం: హత్యా, ఆత్మహత్యా?' అని. డిటెక్టివ్ నవలకు తగిన పేరే! కంచె దానంతట అది చేనిలో పడినదా, లేక చేనే దానిని పిలిచినదా అన్నది అందలి ప్రశ్న. ఆ వాదం నేటికీ పూర్తిగా తీరలేదు.

మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది 1981లో బొత్తాజ్జో, ఆయన సహచరులు ప్రకటించిన విషయం. ఇంట ఒక బిడ్డకు మధుమేహం ఉన్న కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించగా, ఆరోగ్యంగా తిరుగుతున్న తోబుట్టువులలో తరువాత వ్యాధి పాలైన వారికి ఎంతో ముందుగానే, కొందరికి ఏళ్ల ముందే, రక్తంలో ఆ సాక్షులు కనిపించినవి. అనగా, నిన్న హఠాత్తుగా వచ్చినదని మనం అనుకొనే వ్యాధి లోలోపల ఎన్నడో ఆరంభమైనది.

ఇక మన ఇళ్ల సంగతి చూడండి. బిడ్డకు ఈ వ్యాధి అని తెలిసిన నాటి నుండి తల్లి ముద్దాయి. అడిగినప్పుడల్లా మిఠాయి పెట్టినదని అత్తగారు, ఆమె పుట్టింటి నుండి వచ్చిన రోగమని ఆడబిడ్డ, దిష్టి అని ఇరుగుపొరుగు. మిఠాయి ఈ వ్యాధికి కారణం కాదు. ఈ వ్యాధి వచ్చిన బిడ్డలలో అత్యధికుల దగ్గరి బంధువులెవరికీ అది లేదు. వంశంలో కొంత మొగ్గు ఉండవచ్చును గాని, కవలలై ఒకే పోలికతో పుట్టినవారిలో ఒకరికి వచ్చినంత మాత్రాన రెండవవారికి వచ్చి తీరదు. అయినా నింద ఆగదు. నింద ఉన్నచోట దాపరికం, ఆడపిల్ల అయితే మరీ. దాపరికం ఉన్నచోటికే నాటుమందులవాడు వస్తాడు. మాకు తెలిసిన ఒక ఇంట ఆకు పసరు నమ్మి ఇన్సులిన్ మాన్పించినారు. నాలుగవనాటికి బాలుని స్పృహలేని స్థితిలో ఆసుపత్రికి మోసికొనిపోయినారు. దైవవశాత్తు బ్రతికినాడు.

"రోగం కుదిరినదా?" అన్న ప్రశ్నకు సమాధానం, ఇంకా లేదు. వ్యాధి పూర్తిగా బయటపడకుండ కొంతకాలం ఆపగల టెప్లిజుమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి లభించినది 2022 నవంబరులో, అనగా ఆ తొలి వ్యాసం తరువాత 48 ఏళ్లకు. అది ఆపగలిగినది సగటున రెండు, మూడు సంవత్సరాలు. ఈలోగా తల్లుల మీది నిందను తుడిచివేయగల నిజం మాత్రం ఎప్పుడో చేతికి వచ్చి, మన గడపల బయటనే నిలిచి ఉన్నది.

కళాశాల కార్యవర్గానికి మా మనవి ఒకటి. ఇన్సులిన్ తీసుకొనే విద్యార్థికి పరీక్ష నడుమ రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. చేతులు వణకి, చెమటలు పట్టి, మతి చెదరుతుంది. అట్టివారు గ్లూకోజు పొట్లం, నాలుగు బిస్కెట్లు, సూది వెంట తెచ్చుకొనడానికి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వండి. ఆ సంగతి పరీక్షలకు ముందే ప్రకటన పలకపై పెట్టించండి.