పరగడుపు మాత్ర, పొట్టలోని జనాభా

కడుపుతో ఉన్న ఆడపిల్లకు ఊరంతా ఇచ్చే సలహాల్లో ఈ మధ్య ఒకటి కొత్తగా చేరింది. పొట్టలో మంచి బ్యాక్టీరియా పెంచుకుంటే థైరాయిడ్ దానంతటదే సర్దుకుంటుందట. ఈ మాట యూట్యూబ్‌లో వినిపిస్తోంది, మందుల షాపు అద్దాల వెనక క్యాప్సూల్ డబ్బా మీద కనిపిస్తోంది. మలం నమూనా కొరియర్లో పంపితే రంగురంగుల రిపోర్టు ఇస్తామనే కంపెనీలూ వచ్చాయి. ఇందులో సగం నిజం ఉంది. చిక్కంతా ఆ సగంతోనే.

ముందు నిజం సంగతి చూద్దాం. మన పేగుల్లో కాపురమున్న కోటానుకోట్ల సూక్ష్మజీవులను కలిపి మైక్రోబయోమ్ అంటున్నారు. నెలలు నిండేకొద్దీ అది మారుతుంది. ఫిన్లాండ్‌లో 91 మంది గర్భిణులను పరిశీలించి, మొదటి మూడు నెలలకూ చివరి మూడు నెలలకూ ఈ జనాభా పొందిక బాగా మారిపోతుందని 2012లో 'సెల్' పత్రికలో ప్రకటించారు. అక్కడితో ఆగలేదు. రెండు దశల నమూనాలనూ సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించి చూశారు. చివరి నెలల నమూనా అందుకున్న ఎలుకలకు కొవ్వు ఎక్కువ పట్టింది, ఇన్సులిన్ పనితనం తగ్గింది.

థైరాయిడ్‌తోనూ పేగుకు బంధుత్వం ఉంది. థైరాయిడ్ హార్మోన్‌లో కొంత భాగానికి కాలేయం ఒక రసాయనపు ముడి వేసి పిత్తంతో పాటు పేగులోకి వదులుతుంది. అక్కడి బ్యాక్టీరియా ఆ ముడి విప్పగలదు. అలా విడుదలైన హార్మోన్ కొంత మళ్లీ రక్తంలో చేరుతుంది. జీర్ణాశయంలో హెలికోబ్యాక్టర్ పైలోరీ ఉన్నవాళ్లకు థైరాయిడ్ లోపానికి వాడే థైరాక్సిన్ మాత్ర మోతాదు ఎక్కువ కావలసి వస్తోందని, ఆ క్రిమిని పోగొట్టాక అదే మాత్ర మెరుగ్గా పనిచేస్తోందని 2006లో ఇటలీ వైద్యులు చూపించారు.

ఇక థైరాయిడ్ తగ్గిన గర్భిణుల పేగుల్లో సూక్ష్మజీవుల తీరు వేరుగా ఉందని చెప్పే అధ్యయనాలు ఏటా వస్తూనే ఉన్నాయి. వేరుగా ఉండక ఏం చేస్తుంది? హార్మోన్ తగ్గితే పేగు కదలిక మందగిస్తుంది. గర్భం వల్ల పెరిగే ప్రొజెస్టరాన్ దాన్ని ఇంకా నెమ్మది చేస్తుంది. పైన ఐరన్ మాత్ర. ఒంటికి పట్టని ఇనుము పెద్దపేగు దాకా పోయి అక్కడి క్రిములకు మేత అవుతుంది. మలబద్ధకంతో సతమతమయ్యే పేగులో బ్యాక్టీరియా మారిందంటే అది థైరాయిడ్ లోపానికి కారణమా, ఫలితమా? విత్తు ముందో చెట్టు ముందో తేలకుండానే క్యాప్సూల్ అమ్మకానికి వచ్చేసింది.

క్యాప్సూల్ వల్ల పోయేదేముంది అనుకోవడానికీ లేదు. గర్భిణులకు మధుమేహం రాకుండా ప్రోబయోటిక్స్, అంటే ఈ మంచి బ్యాక్టీరియా మందులు, ఆపుతాయా అని ఏడు పరీక్షల ఫలితాలను కలిపి కోక్రేన్ సంస్థ 2021లో సమీక్షించింది. మధుమేహం తగ్గిన స్పష్టమైన దాఖలా లేదు. పైగా ప్రీఎక్లాంప్సియా, అంటే గుర్రపువాతానికి దారితీసే బీపీ జబ్బు, ముప్పు పెరిగింది. ఈ లెక్క ఆ మందుల గురించే. ఇంట్లో తోడుపెట్టిన పెరుగును ఎవరూ అనుమానించనక్కర్లేదు.

నా అభ్యంతరం మైక్రోబయోమ్ శాస్త్రం మీద కాదు. పేగులో రోజూ కళ్లముందు జరుగుతున్న గొడవను వదిలేసి కంటికి కనిపించని దాని వెంట పడటం మీద.

గర్భంలో సుమారు పన్నెండు వారాల దాకా బిడ్డకు సొంత థైరాయిడ్ హార్మోన్ ఉండదు. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు చాలామటుకు తల్లి మీదే ఆధారం. మెదడు రూపుదిద్దుకునే కాలమది. ముందునుంచే థైరాక్సిన్ మాత్ర వాడుతున్న స్త్రీకి నెల తప్పిన కొద్దిరోజులకే మోతాదు నాలుగో వంతు నుంచి సగం దాకా పెంచాల్సి రావచ్చు. మూడో నెల దాటాక డాక్టరును కలుద్దాం అనుకుంటే అసలు సమయం అయిపోతుంది.

ఆ తర్వాత మాత్రల పంచాయతీ మొదలవుతుంది. నాలుగో నెల నుంచి ప్రభుత్వమే ఐరన్, కాల్షియం ఇస్తుంది. ఏఎన్‌ఎం ఇంటికి తెచ్చి మరీ ఇస్తుంది, మంచి పని. కానీ థైరాక్సిన్‌ను ఈ రెండూ పేగులోనే పట్టేసుకుంటాయి. ఒంటికి అందనివ్వవు. నాలుగు గంటల ఎడం కావాలి. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య కూడా రెండు గంటలైనా ఉండాలి. చీటీ మీద ఏముంటుంది? థైరాక్సిన్‌కూ '1-0-0', ఐరన్‌కూ '1-0-0'. పొద్దున లేవగానే రెండూ గుప్పిట్లో వేసుకుని కాఫీతో మింగేస్తారు. నిజానికి ఆ కాఫీ కూడా కనీసం అరగంట ఆగాలి. ఇక థైరాయిడ్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్ దిగదు. డాక్టర్ మోతాదు పెంచుతాడు. అయినా దిగదు. అప్పుడు ఎవరో వచ్చి 'నీ పేగులో బ్యాక్టీరియా బాగాలేదమ్మా' అంటారు.

గొడవెందుకని ఐరన్ మానేస్తే అదీ థైరాయిడ్‌కే దెబ్బ. హార్మోన్ తయారుచేసే ఎంజైమ్ పనిచేయాలంటే ఇనుము ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనులే. పరగడుపున థైరాయిడ్, మధ్యాహ్నం భోజనంతో కాల్షియం, సాయంత్రం ఐరన్, రాత్రి భోజనంతో రెండో కాల్షియం. ఈ నాలుగు ముక్కలు చీటీ వెనక తెలుగులో రాసివ్వడానికి ఎంతసేపు పడుతుంది?

హార్మోన్ తయారీకి ఇనుముతో పాటు అయోడిన్ కూడా కావాలి కాబట్టి ఉప్పు సంగతీ చెప్పాలి. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్, అదే గొంతువాపు, తగ్గుతూ వచ్చింది. ఇవాళ దేశమంతా తినే అయోడిన్ ఉప్పు వెనక ఆ పని ఉంది. అదే హిమాలయాల పేరు చెప్పి ఇప్పుడు గులాబీ రంగు ఉప్పు ఎక్కువ ధర పెట్టి కొంటున్నాం. అందులో సహజంగా ఉండే అయోడిన్ లెక్కలోకి రాదు. మామూలు మనిషికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, గర్భిణికి, పాలిచ్చే తల్లికి 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రామలింగస్వామి సొంత జిల్లా పిల్లలు చదువుకుని, ఉద్యోగాలు చేసి, ఆయన నిలబెట్టిన ఉప్పును వంటింట్లోంచి తీసేస్తున్నారంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

కాన్పుతో కథ అయిపోదు. పెంచిన మోతాదు వెంటనే పాత లెక్కకు తేవాలి. అది చాలామందికి గుర్తుండదు. థైరాయిడ్ మీద యాంటీబాడీలు ఉన్నవాళ్లకు ప్రసవమైన ఏడాదిలోపు గ్రంథి వాచి, హార్మోన్ ముందు పెరిగి తర్వాత పడిపోవచ్చు. గుండెదడ వస్తే నిద్రలేమి అంటారు, నీరసం వస్తే బాలింత కదా అంటారు. ఆరో వారంలో బిడ్డకు టీకా వేయించడానికి ఎలాగూ ఆస్పత్రికి వెళ్తారు. తల్లి టీఎస్‌హెచ్ పరీక్షకు రక్తం కూడా అప్పుడే ఇచ్చి రావచ్చు.