అభిమాన గ్రంథమూ మేధాశక్తి కొలతా

అమెరికాలో 2008లో వర్జిల్ గ్రిఫిత్ అనే విద్యార్థి, ఒక్కొక్క కళాశాలలో ఫేస్‌బుక్ ద్వారా ఎక్కువమంది పేర్కొన్న అభిమాన గ్రంథాలను, కళాశాల ప్రవేశానికి రాసే శాట్ అనే పరీక్షలో ఆ కళాశాల విద్యార్థుల సగటు మార్కులతో జతపరచి, నబొకోవ్ నవల ‘లోలిత’ను అగ్రస్థానంలో నిలిపిన పట్టిక వినోదంగా చెల్లుతుందే తప్ప మేధకు కొలమానం కాజాలదు. సమూహాల సగటుల మధ్య కనబడే సంబంధాన్ని వాటిలోని వ్యక్తులకు ఆపాదించడం గణాంకశాస్త్రం ఏనాడో గుర్తించిన హేత్వాభాసం. 1930 నాటి అమెరికా జనగణనను పరిశీలించిన డబ్ల్యూ.ఎస్. రాబిన్సన్, విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువగా ఉన్నప్పటికీ, వ్యక్తులవారీగా లెక్కిస్తే ఆ విదేశీయులలోనే అది కొంత ఎక్కువని 1950లో చూపాడు. వలసవచ్చినవారు అక్షరాస్యత హెచ్చుగా ఉన్న రాష్ట్రాల్లో స్థిరపడడం వల్ల ఈ వైరుధ్యం ఏర్పడినట్లే, కుటుంబ ఆదాయంతో పాటు పెరిగే శాట్ మార్కులూ, పెరిగిన వాతావరణాన్ని బట్టి చేతికందే పుస్తకాలూ ఒకే సామాజిక నేపథ్యం నుంచి పుట్టి, ఒకదానికొకటి కారణాలన్న భ్రమ కలిగిస్తాయి. పైగా నలుగురి ఎదుట ప్రకటించే అభిరుచిలో, చదివినవారిగా కనిపించాలన్న కోరిక కూడా కలిసి ఉంటుంది కనుక, అలాంటి పట్టికతో ఏ పాఠకుడి బుద్ధినీ తూచడం న్యాయం కాదు.